గోల్ఫ్ బ్యాక్‌స్వింగ్‌లో భుజాలు పూర్తిగా తిరగాలంటే: తుంటి నుంచి మొదలయ్యే సమగ్ర మార్గదర్శి

బ్యాక్‌స్వింగ్‌లో, అంటే క్లబ్‌ను (గోల్ఫ్ కర్రను) వెనక్కి, పైకి తీసుకెళ్లేటప్పుడు, భుజాలు సరిగ్గా తిరగడం లేదని కోచ్ చెప్పగానే చాలామంది వాటిని ఇంకా గట్టిగా తిప్పాలని చూస్తారు. దాంతో చేతులు పైకి లేస్తాయి, ఎడమ మోచెయ్యి వంగుతుంది, క్లబ్ ఆటగాడి తల వెనక వేలాడుతుంది. ఛాతీ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. బంతి మునుపటికన్నా దూరం పోదు, పైగా సాయంత్రానికి నడుం పట్టేస్తుంది.

భుజాలు తిరగకపోవడానికి కారణం చాలాసార్లు భుజాల్లో ఉండదు. తుంటి బిగుసుకుపోయి ఉంటుంది, లేదా పక్కటెముకల వెనక వెన్ను గట్టిపడి ఉంటుంది, లేదా బంతి ముందు నిలబడిన తీరే తిరగడానికి వీల్లేకుండా ఉంటుంది. ఈ మూడూ సరయితే భుజాలు పెద్దగా ప్రయత్నం లేకుండానే తిరుగుతాయి. అందుకే ఇక్కడ అడుగులన్నీ కింది నుంచి పైకి సాగుతాయి.

ఇది ముఖ్యంగా ముప్పై అయిదు, నలభై దాటాక ఆట మొదలుపెట్టినవాళ్ల కోసం. హైదరాబాద్‌లో గోల్కొండ కోట దగ్గర ఆడేవాళ్లయినా, విశాఖ ఈస్ట్ పాయింట్‌లో ఆడేవాళ్లయినా, టెక్సస్‌లోని ఫ్రిస్కో చుట్టుపక్కల స్థిరపడి అక్కడే క్లబ్ పట్టిన మనవాళ్లయినా, చాలామందికి రెండు విషయాలు ఒకటే: రోజంతా కంప్యూటర్ ముందు కుర్చీ, చిన్నప్పుడంతా చేతిలో క్రికెట్ బ్యాట్. కుర్చీలో గంటలకొద్దీ కూర్చుంటే తుంటి, వెన్ను బిగుసుకుపోతాయి. క్రికెట్ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. బ్యాట్స్‌మన్ పక్కకు తిరిగి నిలబడి, బౌలర్ మీద చూపు ఉంచి, బ్యాట్‌ను చేతులతో వెనక్కి లేపుతాడు. దూసుకొచ్చే బంతికి అంతకు మించి సమయం ఉండదు, ఛాతీని పూర్తిగా తిప్పే అవసరమూ తక్కువే. ఆ అలవాటుతో గోల్ఫ్‌కు వచ్చినవాళ్లు క్లబ్‌ను కూడా చేతులతోనే లేపుతారు. గోల్ఫ్ బంతి నేల మీద కదలకుండా ఉంటుంది. తిరగడానికి కావలసినంత సమయం ఉంది, దూరం కూడా ఆ తిరగడంలోంచే వస్తుంది.

కింద చెప్పేవన్నీ కుడిచేతి వాటం ఆటగాళ్లకు. ఎడమచేతి వాటం వాళ్లు కుడి ఎడమలు మార్చుకుని చదువుకోండి.

ముందు లెక్క అర్థం చేసుకోండి

అమెరికా పీజీఏ టూర్‌లో ఆడే ప్రొఫెషనల్స్ పూర్తి స్వింగ్‌లో, బ్యాక్‌స్వింగ్ చివర భుజాలు సుమారు 90 డిగ్రీలు, తుంటి సుమారు 45 డిగ్రీలు తిరిగి ఉంటాయి. ఈ అంకెలు అందరూ వినే ఉంటారు. ఆ 90 ఎక్కడెక్కడి నుంచి వస్తుందన్నది మాత్రం తక్కువమంది ఆలోచిస్తారు.

నడుం దగ్గర అయిదు వెన్నుపూసలున్నాయి. అవి ముందుకు వంగడానికి, వెనక్కి వాలడానికి బాగా అనువైనవి. పక్కకు తిరగడానికి కావు. అయిదూ కలిసి ఒక వైపుకు తిరిగేది పది డిగ్రీలకు అటూ ఇటూ. దాని పైన, పక్కటెముకలు అతుక్కుని ఉండే భాగంలో పన్నెండు పూసలున్నాయి. వెన్నులో అసలు తిరుగుడు అక్కడ ఉంది, సుమారు 30 నుంచి 35 డిగ్రీల దాకా. ఇక మిగిలిన 45 తుంటి కీళ్ల దగ్గర, అంటే కటి (తుంటి ఎముకల గూడు) మొత్తం కాళ్ల మీద తిరగడం వల్ల వస్తుంది. ఈ మూడూ కూడితేనే 90.

ఇప్పుడు తుంటిని 20 డిగ్రీల దగ్గర ఆపేశారనుకోండి. పై భాగం ఎంత సాగినా మొత్తం 65 దాటదు. మిగతా 25 కోసం శరీరం రెండు దారులు వెతుక్కుంటుంది. ఒకటి, చేతుల్ని ఒంటరిగా పైకి లేపడం. రెండోది, తిరగడానికి పనికిరాని నడుం పూసల్ని బలవంతంగా మెలిపెట్టడం. గోల్ఫ్ ఆడేవాళ్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే ఇబ్బంది నడుం నొప్పి. దానికి కారణాలు చాలా ఉన్నా, ఇది వాటిలో ఒకటి.

బ్యాక్‌స్వింగ్‌లో తుంటిని కదపొద్దని చాలామంది చెబుతుంటారు. మరి ఆ సలహా ఎక్కడిది? 1992లో అమెరికన్ కోచ్ జిమ్ మెక్లీన్ ‘ఎక్స్ ఫ్యాక్టర్’ అనే మాటను ప్రచారంలోకి తెచ్చారు. భుజాలు తిరిగిన కోణానికీ, తుంటి తిరిగిన కోణానికీ మధ్య తేడానే ఎక్స్ ఫ్యాక్టర్. దూరం కొట్టే ప్రొఫెషనల్స్‌లో ఆ తేడా ఎక్కువగా కనిపించింది. అది విన్న మామూలు ఆటగాళ్లు తేడా పెంచడానికి సులువైన దారి తుంటిని ఆపేయడమే అనుకున్నారు. ఒళ్లు విల్లులా వంగే ఇరవై ఏళ్ల కుర్రాడికి ఆ పద్ధతి నప్పవచ్చు. ఆఫీసు కుర్చీలో పదేళ్లు గడిపినవాళ్లకు తుంటి ఆగితే భుజాలూ ఆగిపోతాయి, తేడా ఏమీ పెరగదు. వాళ్లకు ఆ సలహా మేలుకన్నా కీడే ఎక్కువ చేసిందని నా గట్టి అభిప్రాయం.

మొదటి అడుగు: ఎక్కడ పట్టేసిందో పరీక్షించుకోండి

క్లబ్ పట్టుకుని రేంజ్‌కి (ప్రాక్టీస్ చేసే మైదానానికి) వెళ్లే ముందు ఇంట్లో ఒక కుర్చీ, రెండు కర్రలు చాలు. కుర్చీ అంచున నిటారుగా కూర్చోండి. మోకాళ్లు, పాదాలు దగ్గరగా ఉండాలి. ఒక క్లబ్‌ను భుజాల మీదుగా ఛాతీకి ఆనించి, చేతులు పెనవేసి పట్టుకోండి. మీ ముందు నేల మీద రెండు కర్రల్ని చెరో వైపుకు 45 డిగ్రీల కోణంలో పెట్టుకోండి. మోకాళ్లు కదలకుండా కుడికి తిరగండి, తర్వాత ఎడమకు. ఛాతీ మీది క్లబ్ పక్కనున్న కర్ర కోణం దాకా వెళ్తే వెన్ను పై భాగం బాగానే ఉన్నట్టు. గోల్ఫ్ ఆటగాళ్ల శరీర కదలికల మీద పనిచేసే టైటిలిస్ట్ పెర్ఫార్మెన్స్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు వాడే పరీక్షల్లో ఇది ఒకటి. 45 దాకా రాలేదంటే ఇంటి వ్యాయామాల్లో మీరు మొదట పట్టించుకోవాల్సింది పక్కటెముకల భాగం. మోకాళ్లు కొంచెం ముందుకు జరిగినా పరీక్ష లెక్కలోకి రాదు, ఎవరినైనా ఎదురుగా నిలబడి చూడమనండి.

రెండోది తుంటి కోసం. ఎత్తైన బల్ల మీద పాదాలు నేలకు తగలకుండా కూర్చుని, మోకాళ్లు దగ్గరగా ఉంచి, కుడి పాదాన్ని బయటికి, అంటే కుడివైపుకు తీసుకెళ్లండి. తొడ కదలకూడదు, పిరుదు లేవకూడదు. పాదం బయటికి వెళ్లినా తొడ ఎముక ఉన్నచోటే లోపలికి తిరుగుతుంది, అందుకే దీన్ని తుంటి లోపలి తిరుగుడు అంటారు. బ్యాక్‌స్వింగ్‌లో కుడి తుంటికి కావలసింది ఇదే, డౌన్‌స్వింగ్‌లో, అంటే క్లబ్‌ను బంతి మీదికి దించేటప్పుడు, ఎడమ తుంటికి కూడా. పాదం ముప్పై డిగ్రీలకు మించి సులువుగా వెళ్తే మంచిది. ఇక్కడ మనవాళ్లు ఒక విషయంలో పొరబడుతుంటారు. నేల మీద బాసిపెట్టు వేసుకుని గంటసేపు కూర్చోగలను కాబట్టి నా తుంటి బాగానే ఉందనుకుంటారు. బాసిపెట్టుకు కావలసింది తుంటి బయటి తిరుగుడు. అది పూర్తిగా ఉండి, లోపలి తిరుగుడు సగమే ఉండటం చాలా మామూలు విషయం. కాబట్టి తప్పకుండా పరీక్షించుకోండి.

మూడో పరీక్ష మెడకు. బ్యాక్‌స్వింగ్‌లో ఒళ్లు కుడికి తిరుగుతుంటే చూపు బంతి మీదే ఉండాలి, అంటే ఛాతీతో పోలిస్తే మెడ ఎడమకు తిరిగినట్టే. నిలబడి గడ్డాన్ని ఎడమ భుజం వైపు తీసుకెళ్లండి. భుజానికి చాలా దూరంలోనే ఆగిపోతే, బంతి ముందు నిలబడ్డప్పుడే తలను కాస్త కుడికి తిప్పి ఉంచుకోవచ్చు. జాక్ నిక్లాస్ స్వింగ్ మొదలుపెట్టే ముందు గడ్డాన్ని కుడికి తిప్పేవాడు. 18 మేజర్లు (గోల్ఫ్‌లో అన్నిటికన్నా పెద్ద టోర్నీలు) గెలిచిన ఆటగాడి అలవాటును అనుసరించడానికి సంకోచించనక్కర్లేదు.

పరీక్ష చేస్తుంటే నొప్పి వచ్చినా, కాలిలోకి తిమ్మిరి పాకినా అక్కడితో ఆపేసి డాక్టర్‌కో ఫిజియోథెరపిస్టుకో చూపించుకోండి. డిస్క్ సమస్య ఉన్నవాళ్లు వాళ్లను అడిగాకే మిగతాది మొదలుపెట్టాలి.

రెండో అడుగు: నిలబడే తీరు

ఇప్పుడే ఒక చిన్న ప్రయోగం చేయండి. కుర్చీలో వీపు గూనిగా వంచి కూర్చుని కుడికి తిరగండి. తర్వాత వెన్ను నిటారుగా పెట్టి మళ్లీ తిరగండి. రెండోసారి ఎక్కువ తిరిగారు కదా? వ్యాయామం ఏమీ చేయకుండానే, కేవలం వెన్ను ఆకారం మారడంతో వచ్చిన లాభం అది. బంతి ముందు వీపు గుండ్రంగా వంచి నిలబడేవాళ్లు ఈ లాభాన్ని మొదటి క్షణంలోనే పోగొట్టుకుంటున్నారు.

కాబట్టి నడుం దగ్గర వంగొద్దు, తుంటి కీళ్ల దగ్గర వంగండి. నిటారుగా నిలబడి, రెండు అరచేతుల అంచుల్ని తొడలు మొదలయ్యే చోట మడతలో పెట్టి నొక్కండి. పిరుదులు వెనక్కి వెళ్తాయి, ఛాతీ ముందుకు వాలుతుంది, వెన్ను తిన్నగానే ఉంటుంది. ఆ తర్వాత మోకాళ్లు కొంచెం వదులు చేయండి. కొందరు తిన్నగా ఉండాలన్న పట్టుదలతో నడుమును లోపలికి వంచేస్తారు, పిరుదులు బాగా వెనక్కి తన్నుకొస్తాయి. అదీ మంచిది కాదు, నడుం పూసల మీద భారం పడుతుంది. పొట్ట కండరాలు కొద్దిగా బిగిస్తే సర్దుకుంటుంది.

గడ్డం ఛాతీకి ఆనుకుని ఉంటే ఎడమ భుజం దాని కిందికి వెళ్లడానికి చోటుండదు. ‘తల దించు, బంతి చూడు’ అని చెప్పీ చెప్పీ ఈ అలవాటు చేస్తారు. గడ్డం కొంచెం ఎత్తి, కళ్లు మాత్రం కిందికి దించి చూడండి. ఒక పిడికిలి పట్టేంత సందు చాలు.

పాదాల సంగతి చాలామంది పట్టించుకోరు. పాత తరం ఛాంపియన్ బెన్ హోగన్ కుడి పాదాన్ని టార్గెట్ గీతకు (బంతి నుంచి అది వెళ్లాల్సిన చోటుకు ఊహించుకునే గీతకు) లంబంగా ఉంచమని చెప్పాడు. అలా ఉంచితే కుడి తుంటి ఎక్కువ తిరగదు, ఆయనకు కావలసింది అదే. మీరు రెండో పరీక్షలో వెనకబడి ఉంటే ఆ పద్ధతి మీకు పనికిరాదు. కుడి పాదం ముందుభాగాన్ని ఇరవై డిగ్రీల వరకు బయటికి తిప్పి పెట్టండి. ఆ ఒక్క మార్పుతోనే తుంటికి ఎంత స్వేచ్ఛ వస్తుందో అప్పటికప్పుడు తెలుస్తుంది. కాళ్ల మధ్య దూరం కూడా చూసుకోండి. బాగా ఎడంగా నిలబడితే స్థిరంగా అనిపిస్తుంది కానీ కటి తిరగదు. ఐరన్లకు (మధ్య దూరాలకు వాడే లోహపు తల క్లబ్బులకు) మడమల మధ్య భుజాల వెడల్పు మించక్కర్లేదు.

చివరిగా పట్టు. గ్రిప్‌ను పిండేస్తే ముంజేతుల నుంచి మెడ దాకా అన్నీ బిగుసుకుంటాయి. టెన్షన్‌గా ఉన్న షాట్ ముందు భుజాలు చెవుల వైపు లేస్తాయి, గమనించండి. ఒక్కసారి గాలి వదిలి వాటిని కిందికి జారనివ్వండి.

మూడో అడుగు: క్లబ్ కదలిక మొదలు

క్లబ్ తల బంతి దగ్గర నుంచి కదిలి నడుం ఎత్తుకు చేరేదాకా చేతులు, ఛాతీ కలిసి కదలాలి. దీనికి ఒక పాత డ్రిల్ ఉంది, ఇంతకన్నా మంచిది నాకు తెలియదు. క్లబ్‌ను షాఫ్ట్ (కడ్డీ) మీద బాగా కిందికి పట్టుకుని, గ్రిప్ చివరను బొడ్డుకు ఆనించండి. చేతులు చాచి ఉంచి కుడికి తిరగండి. గ్రిప్ చివర బొడ్డును వదలకూడదు. చేతులతో లాగారా, వెంటనే ఊడి వస్తుంది. ఒళ్లు తిప్పారా, క్లబ్ దానంతట అదే వెంట వస్తుంది. నెమ్మదిగా పదిసార్లు, తర్వాత మామూలుగా పట్టుకుని అదే కదలిక. క్రికెట్ చేతులున్నవాళ్లకు ఈ డ్రిల్ రోజూ అవసరం.

నాలుగో అడుగు: తుంటిని తిరగనివ్వండి

వ్యాసం మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకోగలరంటే దీన్ని ఉంచుకోండి.

బ్యాక్‌స్వింగ్‌లో కుడి తుంటి వెనక్కి వెళ్లాలి. పక్కకు కాదు, వెనక్కి. ప్యాంటు కుడి వెనక జేబు మీ వీపు వెనకున్న గోడ వైపు వెళ్తున్నట్టు ఊహించుకోండి. అది వెనక్కి వెళ్లాలంటే కుడి మోకాలు మొదట ఉన్నంత వంపుతో బిగిసి ఉండలేదు. కొంత తిన్నగా సాగుతుంది, పూర్తిగా లాక్ కాకుండా. ఎడమ మోకాలు వంగి ముందుకు, కొంచెం కుడివైపుకు వస్తుంది. ఈ రెండూ కలిసి జరిగితే కుడి తుంటి ఎడమదానికన్నా కాస్త ఎత్తులో ఉంటుంది, కటి తిరుగుతుంది. ‘కుడి మోకాలి వంపు అస్సలు మారకూడదు’ అన్న మాటను అక్షరాలా పాటించేవాళ్లు తమకు తెలియకుండానే తుంటికి తాళం వేసుకుంటున్నారు.

నేర్చుకోవడానికి గోడ కావాలి. గోడకు వీపు పెట్టి, గోల్ఫ్ భంగిమలో రెండు పిరుదులూ తేలిగ్గా తాకేలా నిలబడండి. చేతులు ఛాతీ మీద పెనవేసుకుని బ్యాక్‌స్వింగ్‌లా తిరగండి. కుడి పిరుదు గోడను గట్టిగా నొక్కాలి, ఎడమది గోడ వదిలి ముందుకు రావాలి. కుడి పిరుదు గోడ వెంబడి కుడికి జారితే మీరు తిరగడం లేదు, ఊగుతున్నారు. బయట ప్రాక్టీస్ చేసేటప్పుడు ఆ ఊగడాన్ని పట్టుకోవడానికి కుడి తుంటికి కొద్ది దూరంలో ఒక అలైన్‌మెంట్ స్టిక్‌ను (గురి సరిచూసుకోవడానికి వాడే సన్నని కర్రను) నేలలో గుచ్చండి. బ్యాక్‌స్వింగ్‌లో దానికి తగలకూడదు.

బరువు ఎక్కడ ఉందో పాదం చెబుతుంది. సరిగ్గా తిరిగితే కుడి పాదం మడమ వైపు, లోపలి అంచు మీద ఒత్తిడి తెలుస్తుంది. చిటికెన వేలి వైపు బరువు పడి బూటు బయటికి దొర్లితే ఊగినట్టే.

ఇక ఎడమ మడమ. పాత తరం ఛాంపియన్లలో బాబీ జోన్స్ ఎత్తేవాడు, శామ్ స్నీడ్ ఎత్తేవాడు, నిక్లాస్ ఎత్తేవాడు. 1986లో 46 ఏళ్ల వయసులో మేజర్లలో ఒకటైన మాస్టర్స్ గెలిచిన నిక్లాస్ కెరీర్ అంత పొడవుగా సాగడంలో ఆ స్వేచ్ఛ పాత్ర ఉందని నేను నమ్ముతాను. ఎడమ మడమ లేస్తే కటికి ఇంకో పది పదిహేను డిగ్రీలు దొరకవచ్చు. ఎవరికి అవసరం? రెండో పరీక్షలో వెనకబడ్డవాళ్లకు, యాభై దాటినవాళ్లకు, నడుం నొప్పి చరిత్ర ఉన్నవాళ్లకు. అయితే మడమను మీరుగా ఎత్తకండి. ఒళ్లు తిరుగుతుంటే ఎడమ మోకాలు లోపలికి లాగి, దాని వల్ల మడమ లేవాలి. ఒక అంగుళం చాలు. డౌన్‌స్వింగ్ మొదలయ్యేది ఆ మడమ తిరిగి నేలను తాకడంతో. చేతులు ముందుగా తొందరపడే జబ్బు ఉన్నవాళ్లకు దీంతో టెంపో (స్వింగ్ లయ) కూడా కుదురుతుంది.

తుంటి ఇంత తిరిగితే శక్తి పోదా అని అడుగుతారు. బాగా తిరిగిన తుంటి మీద బాగా తిరిగిన భుజాలుంటే క్లబ్ వేగం అందుకోవడానికి ఎక్కువ దారి దొరుకుతుంది. భుజాలు 90, తుంటి 50 డిగ్రీలు తిరిగిన స్వింగ్‌ను, భుజాలు 60, తుంటి 20 తిరిగిన స్వింగ్‌తో పోలిస్తే ఎక్స్ ఫ్యాక్టర్ రెండింటిలోనూ 40 డిగ్రీలే. కానీ మొదటిదానిలో బంతి మీదికి వచ్చేటప్పుడు ఛాతీ ఇంకో 30 డిగ్రీలు ప్రయాణిస్తుంది.

అయిదో అడుగు: భుజాలు ఏ వాలులో తిరగాలి

నిలబడినప్పుడు వెన్ను ముందుకు వాలి ఉంది. భుజాలు ఆ వాలుకు లంబంగా తిరగాలి. కవ్వం కాస్త వాలుగా పెట్టినా తన కర్ర చుట్టూనే తిరిగినట్టు. అలా తిరిగితే బ్యాక్‌స్వింగ్ చివర ఎడమ భుజం కుడిదానికన్నా బాగా కిందికి ఉంటుంది, గడ్డం కిందికి వస్తుంది.

రెండు భుజాలూ నేలకు సమాంతరంగా తిరిగితే వెన్ను నిటారుగా లేచిపోయిందని అర్థం. డౌన్‌స్వింగ్‌లో మళ్లీ కిందికి వంగాలి, ఆ లెక్క ప్రతిసారీ కుదరదు, క్లబ్ బంతి పైభాగానికి తగులుతుంది. సరి చూసుకోవడానికి ఛాతీ మీద క్లబ్‌ను అడ్డంగా పట్టుకుని గోల్ఫ్ భంగిమలో తిరగండి. ఎడమ భుజం వైపున్న క్లబ్ చివర, బంతి ఉన్న గీత వైపో దానికి కాస్త అవతల నేల వైపో చూపించాలి. ఎదురుగా ఉన్న చెట్టు వైపు చూపిస్తుంటే భుజాలు సమాంతరంగా తిరుగుతున్నాయి. సొంత పాదాల వైపు చూపిస్తుంటే మరీ కిందికి ముంచేస్తున్నారు.

ఆ క్షణంలో ఎడమ పక్కటెముకలు తుంటి వైపు ముడుచుకోవాలి, కుడి పక్క పొడవుగా సాగాలి. చంక కింద నుంచి తుంటి దాకా కుడివైపు సాగినట్టు తెలియకపోతే మీరు ఇంకా చేతులతోనే తిరుగుతున్నారు.

తల గురించి ఒక మాట. తల ఒక అంగుళం, రెండంగుళాలు కుడికి జరిగితే కంగారు పడొద్దు. మేకు కొట్టినట్టు తలను పట్టి ఉంచాలని చూస్తే కింద కటి కుడికి జారిపోతుంది, పై ఒళ్లు టార్గెట్ వైపు వాలుతుంది. బ్యాక్‌స్వింగ్ చివర ఇలా వాలి ఉండటం నడుముకు చాలా చెడ్డది. ఫోన్ వీడియోలో ఎదురు నుంచి చూస్తే తల, కుడి తుంటికన్నా టార్గెట్ వైపు బాగా వాలినట్టు కనిపిస్తుంది. ఈ లోపం ఉంటే మిగతా అన్నిటికన్నా ముందు దీన్నే సరిచేసుకోండి.

ఆరో అడుగు: ఎక్కడ ఆగాలి

ఛాతీ తిరగడం ఆగిన చోట చేతులూ ఆగాలి. క్లబ్ నేలకు సమాంతరంగా రాలేదని చేతుల్ని ఇంకా లాగొద్దు.

స్పెయిన్ ఆటగాడు జోన్ రామ్‌ను చూడండి. కుడి పాదం పుట్టుకతో వచ్చిన వంకరతో ఉండటం వల్ల ఆ చీలమండ ఎక్కువ కదలదు. కాబట్టి ఆయన బ్యాక్‌స్వింగ్ చిన్నదిగా ఉంటుంది. క్లబ్ సమాంతరానికి చాలా ముందే ఆగిపోతుంది. ఆ స్వింగ్‌తోనే 2021 యూఎస్ ఓపెన్, 2023 మాస్టర్స్ గెలిచాడు. తన ఒళ్లు ఎంతవరకు తిరుగుతుందో అంతవరకు తిరిగి, అక్కడి నుంచి పూర్తి వేగంతో వచ్చాడు.

మీ ఆగే చోటు కనుక్కోవడానికి ఎడమచేతి చివరి మూడు వేళ్లను గమనించండి. అవి వదులైతే, లేదా ఎడమ మోచెయ్యి ఉన్నట్టుండి వంగితే మీరు ఆ చోటు దాటేశారు. ఇంకో మోసం కూడా ఉంది. ఎడమ భుజం గడ్డం కిందికి వచ్చింది కదా, పూర్తిగా తిరిగాననుకుంటారు. భుజం వెనక రెక్క ఎముక ముందుకు జారినా భుజం గడ్డం కిందికి వచ్చేస్తుంది, ఛాతీ తిరగకుండానే. అందుకని ఎడమ భుజాన్ని నమ్మొద్దు. చొక్కా బొత్తాల వరస ఎటు చూస్తోంది, కుడి భుజం తల వెనక్కి వెళ్లిందా, ఈ రెండూ చూడండి. వీపు టార్గెట్ వైపు తిరిగి ఉంటే పని అయినట్టే.

ఇంటి దగ్గర రోజూ పది నిమిషాలు

పక్కటెముకల భాగానికి రెండు చాలు. ఎడమ పక్కకు పడుకుని, మోకాళ్లను తుంటి ఎత్తుకు మడిచి ఒకదాని మీద ఒకటి పెట్టండి. రెండు చేతులూ ముందుకు చాచి, పై చేతిని పుస్తకం తెరిచినట్టు వెనక్కి తెరవండి. చూపు చేతి వెంట వెళ్లాలి. మోకాళ్లు ఊడిరాకూడదు. చివర్లో గాలి పూర్తిగా వదలండి. ఆ ఊపిరి వదిలినప్పుడే ఇంకాస్త తెరుచుకుంటుంది. ఎనిమిదిసార్లు చేసి పక్క మార్చండి. రెండోది, మోకాళ్ల మీద కూర్చుని పిరుదుల్ని మడమలకు ఆనించి, ఒక మోచెయ్యి నేల మీద పెట్టి, రెండో చెయ్యి తల వెనక పెట్టి, ఆ మోచెయ్యిని పైకప్పు వైపు తిప్పడం. పిరుదులు మడమల మీద ఉన్నంతసేపూ నడుం ఎక్కువ తిరగలేదు, పని అంతా పై వెన్నుకే పడుతుంది.

తుంటికి: నేల మీద కూర్చుని చేతులు వెనక ఆనించి, పాదాలు ఎడంగా పెట్టి, రెండు మోకాళ్లనూ కలిపి ఒకసారి కుడి నేల వైపు, ఒకసారి ఎడమ నేల వైపు వాల్చడం. తేలిగ్గా, తొందర లేకుండా, పదేసి సార్లు.

యోగా అలవాటున్నవాళ్లు అర్ధ మత్స్యేంద్రాసనం వేస్తూ ఉంటారు. మంచిదే. కానీ చేత్తో మోకాలిని ఊతగా పట్టి బలంగా లాగి తిరిగితే భారం నడుం మీదికి పోతుంది. వెన్ను పొడవుగా సాగదీసి, ఊపిరితో తిరగండి, చేతిని ఆసరాకే వాడండి.

ఆఫీసులో గంటకోసారి లేచి, చేతులు ఛాతీ మీద పెనవేసుకుని అటు అయిదు, ఇటు అయిదు తిరగడం కూడా పని చేస్తుంది. వారానికోసారి గంటసేపు చేసే సాగుడు వ్యాయామాలకన్నా దీన్నే నేను ఎక్కువగా నమ్ముతాను.

బంతి దగ్గరికి

కొత్త టర్న్‌ను డ్రైవర్‌తో (అన్నిటికన్నా పొడవైన, దూరం కొట్టే క్లబ్‌తో) మొదలుపెట్టొద్దు. ఎనిమిదో ఐరన్ తీసుకోండి. మొదట బంతి లేకుండా, బ్యాక్‌స్వింగ్ చివర రెండు సెకన్లు ఆగి, బొత్తాలు, కుడి జేబు, కుడి పాదం మీది బరువు మూడూ చూసుకోండి. తర్వాత బంతి పెట్టి అదే ఆగుడుతో, సగం కన్నా కొంచెం ఎక్కువ వేగంతో కొట్టండి. ఆగి కొట్టడం వల్ల చేతులతో లాగే తొందర తగ్గుతుంది. కొన్ని బంతుల తర్వాత ఆగుడు తీసేయండి. మళ్లీ చేతులు లేస్తున్నాయనిపిస్తే ఆగుడుకు తిరిగి రండి.

మొదటి రోజుల్లో క్లబ్ బంతికి వెనక నేలను తవ్వే అవకాశం ఉంది. దీనికి భయపడి పాత స్వింగ్‌కు వెళ్లిపోవద్దు. ఇంతకుముందు ఒళ్లు తిరగలేదు కాబట్టి తిరిగి రావలసిన పనీ లేదు. ఇప్పుడు కుడి మడమ మీదికి వెళ్లిన బరువు ఎడమకు రావాలి, అది ఇంకా ఆలస్యంగా వస్తోంది. చేతులు పై చివరకు చేరుతుండగానే ఎడమ పాదం కింద ఒత్తిడి పెరగాలి. రెండు పాదాలూ దగ్గరగా పెట్టి నిలబడి, క్లబ్ వెనక్కి వెళ్తుండగా ఎడమ కాలితో టార్గెట్ వైపు చిన్న అడుగు వేసి కొట్టే డ్రిల్ దీనికి బాగా పనికొస్తుంది.

వీడియో తీసుకునేటప్పుడు ఫోన్ చేతుల ఎత్తులో ఉండాలి. ఎదురుగా తీస్తే ఊగడం, వాలడం తెలుస్తాయి. టార్గెట్ గీత వెంట వెనక నుంచి తీస్తే భుజాల వాలు, వెన్ను లేచిపోవడం తెలుస్తాయి. ఫోన్ నేల మీద పెట్టి పైకి తీసిన వీడియోను చూసి భుజాల కోణం గురించి ఏ నిర్ణయానికీ రాకండి.

కోర్సు మీద ఒక్క ఆలోచన చాలు. ‘కుడి జేబు వెనక్కి’ అన్నది చాలామందికి పని చేస్తుంది. తెల్లవారుజామున ఆరు గంటల టీ టైమ్‌కు (ఆట మొదలుపెట్టే సమయానికి) కారు దిగి నేరుగా డ్రైవర్ తీసేవాళ్లు మొదటి మూడు నాలుగు హోల్స్‌లో ఎలాగూ తిరగలేరు. పది నిమిషాల ముందు రండి. క్లబ్ భుజాల మీద వేసుకుని నెమ్మదిగా అటూ ఇటూ తిరగండి, గోడ డ్రిల్‌ను గోడ లేకుండా కొన్నిసార్లు చేయండి, తర్వాత వెడ్జ్‌తో (దగ్గరి షాట్లకు వాడే పొట్టి క్లబ్‌తో) మొదలుపెట్టండి. అలైన్‌మెంట్ స్టిక్‌లను మాత్రం రౌండ్ మొదలయ్యాక బ్యాగులోనే ఉంచండి. రౌండ్ మధ్యలో స్టిక్‌తో గానీ, బరువు తగిలించిన శిక్షణ సామగ్రితో గానీ ప్రాక్టీస్ స్వింగ్ చేస్తే గోల్ఫ్ నియమావళిలోని రూల్ 4.3 ప్రకారం స్ట్రోక్ ప్లేలో (కొట్టిన మొత్తం స్ట్రోకులు లెక్కపెట్టే పద్ధతిలో) మొదటిసారికి రెండు స్ట్రోకుల పెనాల్టీ, రెండోసారి చేస్తే డిస్‌క్వాలిఫికేషన్.